రేకు ఎంత మందముండవలెను? – విద్యుత్ పెట్టెల చరిత్ర

నంద్యాలకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న ఆళ్లగడ్డలో శిల్పుల కొట్టములు పేరు పొందినవి. ఒకప్పుడు సుత్తియు ఉలియు మాత్రమే మ్రోగిన ఆ కొట్టములలో నేడు కరెంటుతో తిరుగు కోతచక్రముల రొద కూడ వినవచ్చుచున్నది. చక్రము రాతిని తాకినపుడెల్ల మెత్తని పొడి లేచి విగ్రహముమీదను, పనివాని తలమీదను, గోడకున్న స్విచ్చి పెట్టెమీదను ఒకే తీరున పేరుకొనును. నంద్యాల ప్రత్తికి పుట్టినిల్లు వంటి ప్రాంతము. ప్రత్తి పరిశోధనకు పేరు పొందిన ఇచ్చటి వ్యవసాయ పరిశోధన క్షేత్రము 1906లోనే ఏర్పడినది. ప్రత్తి నుండి గింజను వేరుచేయు జిన్నింగు మిల్లులో రాతిపొడికి బదులు దూదిపీచు గాలిలో తేలుచుండును. బేతంచెర్లలో నాపరాతి పలకలను నీరు పోయుచు నునుపు చేయునపుడు తెల్లని బురద నలువైపుల చిందును.

రాతిపొడి, దూదిపీచు, బురదనీరు – ఈ మూటికిని విద్యుత్తుకును నడుమ నిలుచునది ఒక ఇనుపరేకు పెట్టె. ఆ పెట్టెకు చేయి తగిలించు మనిషికిని, లోపలి 415 వోల్టులకును నడుమ నిలుచునది కూడ అదియే. అట్టి పెట్టెకు రేకు ఎంత మందముండవలెను? ప్రశ్న చిన్నదే. కాని దీనికి సరియైన జవాబు కుదురుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఇప్పటికిని ఆ జవాబు లోకమంతట ఒకటి కాదు.

విద్యుత్తు కొత్తగా వచ్చిన దినములలో పెట్టెయే లేదు. 1882లో ఎడిసన్ న్యూయార్కు నగరమున పెర్ల్ వీధి విద్యుత్కేంద్రమును నడపనారంభించెను. ఆ తరువాతి ఇరువది ముప్పది యేండ్ల పాటు విద్యుత్కేంద్రములలో స్విచ్చిలను బిగించుటకు వాడినది రాయి! మొదట కొయ్యపలకలను వాడిరి. నిప్పురవ్వ పడినచో అవి అంటుకొనెడివి. రాయి మండదు, విద్యుత్తును సులభముగా పోనీయదు. కావున అంగుళమున్నర, రెండంగుళముల మందము గల పలకరాతినిగాని పాలరాతినిగాని నిలువుగా నిలబెట్టి, దాని ముఖముమీద రాగి కత్తుల వంటి స్విచ్చిలను బిగించెడివారు. పలకరాతిలో ఒక్కొక్కచోట లోహపు జీరలుండి వానిగుండ విద్యుత్తు ప్రాకెడిది. అందుచేత డబ్బు గలవారు పాలరాతిని కోరెడివారు. చూచుటకు ఆ ఫలకము ఎంతయో అందముగా నుండెడిది. కాని విద్యుత్తు పారు రాగి అంతయు బయటనే యుండుటచేత, పనివాడు ఏమరుపాటున చేయి చాచినచో ప్రాణము పోయెడిది.

ఈ అపాయము బొగ్గు గనులలో మరింత స్పష్టముగా కనబడెను. గనిలో మండు వాయువు ఉండును. స్విచ్చిలో పుట్టు ఒక్క రవ్వ చాలును. తేమ, బొగ్గుపొడి, పైనుండి రాలు రాళ్లు సరేసరి. ఇంగ్లండులో హెబర్న్ అను ఊరిలోని రేరోల్ కంపెనీలో హెన్రీ క్లోథియర్ అను ఇంజనీరు 1906 ప్రాంతమున, విద్యుత్తు పారు భాగములన్నిటిని లోహపు తొడుగులో మూసివేసిన స్విచ్చిగేరును రూపొందించెను. అప్పటినుండి 'ఇనుప కవచపు' స్విచ్చిలు వ్యాపించెను. పాత ఇండ్లలోను మిల్లులలోను నల్లరంగు వేసిన బరువైన పోతఇనుప మెయిన్ స్విచ్చిలను చూచినవారు నేటికిని ఉందురు. అవి ఆ వంశమునకు చెందినవే.

పోతఇనుప కాలములో మందమును గూర్చి ఎవరును పెద్దగా తర్కించలేదు. దానిని నిర్ణయించినది విద్యుత్తు కాదు, కొలిమి. కరిగిన ఇనుము అచ్చులో అంచుల దాక పారవలెనన్న గోడ కొన్ని మిల్లీమీటర్లైనను ఉండి తీరవలెను. అంతకంటె పలుచగా పోసినచో లోహము నడుమనే గడ్డకట్టును. కావున పెట్టె తనంతట తానే మందముగను బలముగను తయారయ్యెడిది. కాకపోయిన రెండు చిక్కులు: బరువు ఎక్కువ, పెద్ద దెబ్బ తగిలినచో నొక్కుపడుటకు బదులు పగులును.

1920ల దశకమున అమెరికాలో వెడల్పాటి ఉక్కురేకును ఎడతెగకుండ చుట్టలు చుట్టలుగా సాగదీయు మిల్లులు వచ్చినవి. దాని తోడు రేకును మడతపెట్టు యంత్రము, విద్యుత్ వెల్డింగు వచ్చినవి. ఇక పెట్టెను పోత పోయనక్కరలేదు. కత్తిరించి, మడిచి, అతికించిన చాలును. మన దేశమున 1959లో ఉత్పత్తి మొదలుపెట్టిన రూర్కెలా కర్మాగారము ముఖ్యముగా రేకుల కొరకే నెలకొల్పబడినది. తెలుగు విద్యార్థులు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము కడ్డీలు, తీగెచుట్టలు, కోణపు దూలములు వంటి పొడవైన సరకును చేయును గాని రేకులను చేయదు. నంద్యాలకు దాపున రేకు చేయు పెద్ద కర్మాగారము పడమట బళ్లారి జిల్లా తోరణగల్లులో ఉన్నది.

రేకు వచ్చినది; ఏ మందమైనను దొరుకును. అప్పుడు గాని మొదటి ప్రశ్న పుట్టలేదు. పుట్టిన వెంటనే గందరగోళము కూడ పుట్టినది. ఆ గందరగోళము పేరు గేజి.

గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా గుంటూరు పోవు రైలుబాట చిరకాలము మీటరు గేజిగా ఉండి తరువాత బ్రాడ్ గేజిగా మారినది. కావున ఆ ప్రాంతపు పెద్దలకు గేజి అనగానే రైలు తలపునకు వచ్చును. రేకుల అంగడిలో గేజి వేరు. అది మందమునకు గుర్తు. ఇందులో అంకె పెరిగిన కొలది రేకు పలుచనగును. ఈ తలక్రిందుల లెక్క తీగె లాగువారినుండి వచ్చినది: తీగెను సన్నని రంధ్రములగుండ ఎన్నిసార్లు లాగినచో అంత పెద్ద అంకె, అంత సన్నని తీగె. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క పట్టికను పెట్టుకొనెను. బ్రిటిషు ప్రభుత్వము 1883లో ఆజ్ఞ చేసి 1884 మార్చి 1 నుండి తీగెలకు ఒకే ప్రామాణిక గేజిని అమలులోనికి తెచ్చెను. అమెరికా 1893లో రేకులకు వేరొక గేజిని చట్టము చేసెను. అది మందమును బట్టి గాక చదరపు అడుగు బరువును బట్టి కట్టినది. ఇత్తడి, అల్యూమినియములకు మరియొక పట్టిక వాడుకలో నుండెను.

ఫలితమేమన: '16 గేజి' అని వ్రాసినచో బ్రిటిషు ప్రామాణిక గేజిలో 1.63 మిల్లీమీటర్లు, అమెరికా ఉక్కురేకు గేజిలో 1.52, అల్యూమినియము పట్టికలో 1.29. ఒక్క అంకెకు మూడు అర్థములు. కాగితముమీద ఈ తేడా స్వల్పముగా తోచవచ్చును. రేకు వంగుటకు సంబంధించిన సూత్రము తెలిసినవారికి అది స్వల్పము కాదు.

ఆ సూత్రమును తరగతిలో రెండు పుస్తకములు, కొన్ని అట్టముక్కలతో చూపవచ్చును. పుస్తకముల నడుమ వంతెన వలె ఒక అట్టను పరచి, మధ్యన నాణెములుంచి, ఎంత క్రుంగునో కొలువవలెను. ఒకదానిమీద ఒకటిగా రెండట్టలు ఊరక పెట్టినచో క్రుంగుట ఇంచుమించు సగమగును. అవే రెండట్టలను జిగురుతో గట్టిగా అతికి, ఆరిన తరువాత పెట్టినచో క్రుంగుట సుమారు ఎనిమిదవ వంతునకు పడిపోవును. మందము రెట్టింపైనపుడు దృఢత్వము రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. అనగా మందము యొక్క ఘనమును బట్టి పెరుగును. 1.2 మిల్లీమీటర్ల రేకుకు బదులు 1.6 వాడినచో బరువు మూడింట ఒక వంతు మాత్రమే పెరుగును గాని దృఢత్వము 2.4 రెట్లగును. 2 మిల్లీమీటర్లైనచో 4.6 రెట్లగును.

ఐనచో పెట్టెలన్నిటిని దళసరి రేకుతో చేయరాదా? బరువును లెక్కించి చూడవలెను. ఒక మిల్లీమీటరు మందపు ఉక్కురేకు చదరపు మీటరునకు 7.85 కిలోగ్రాములు. రెండు మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు గల మిల్లు ప్యానెలు పైభాగమంతయు 6.56 చదరపు మీటర్లు. 1.2 మిల్లీమీటర్ల రేకుతో అది 62 కిలోలు. 2 మిల్లీమీటర్లతో 103 కిలోలు. ఒక్క పెట్టెలో 41 కిలోల ఉక్కు తేడా. అమ్మువాడు పలుచనిది ఎందుకు ఇవ్వజూచునో, కొనువాడు మందమైనది ఎందుకు అడుగునో ఈ అంకెయే చెప్పును.

అట్టప్రయోగమునకు రెండవ భాగము కలదు. మొదటిదానికంటె ఇదియే ముఖ్యము. పుస్తకముల నడుమ ఎడమును రెట్టింపు చేసి, బరువును ఒక్కచోట గాక అట్ట పొడవున ఒకే దట్టముగా పరచినచో, క్రుంగుట పదహారు రెట్లగును. ఎడమునకు నాలుగవ ఘాతము. ఇప్పుడు నంద్యాల జిన్నింగు మిల్లులోని ప్యానెలు తలుపును తలచుకొనవలెను. తలుపు అంచున రబ్బరు పట్టీ ఉండును. తలుపు మూసి గడియ వేసినపుడు పట్టీ నలిగి, పీచును లోనికి పోనీయదు. నలిగిన రబ్బరు తలుపును వెలుపలికి నెట్టుచుండును. పైన ఒకటి, క్రింద ఒకటి మాత్రమే గడియలున్నచో పలుచని తలుపు నడుమ విల్లువలె వంగును. అచ్చట పట్టీ వదులై సన్నని సందు ఏర్పడును. దూదిపీచునకు ఆ సందు చాలును. లోపల కాంటాక్టరుమీద చేరిన పీచు వేడికిని రవ్వకును అంటుకొనును. జిన్నింగు మిల్లులో నిప్పు అనగా ఏమో ఆ ప్రాంతపువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సందును మందముతోనే మూయజూచినచో, ఎడము రెట్టింపైన తలుపునకు రేకు మందము రెండున్నర రెట్లు కావలెను, అనగా 1.2 మిల్లీమీటర్లకు బదులు 3. ఎవరు మోయగలరు? అదే తలుపునకు నడుమ మూడవ గడియ పెట్టినచో ఎడము సగమై వంగుట పదహారవ వంతునకంటె తగ్గును. అంచులను రెండుసార్లు మడిచినను, తలుపు వెనుక టోపీ ఆకారపు పట్టీని అతికినను అంతటి మేలు కలుగును. మంచి పనివాడు మందమును కొనుటకు ముందు మడతను వాడును. రేకును ముట్టుకొని 'ఇది గట్టి పెట్టె' అని తీర్పు చెప్పువారు ఈ సంగతిని తరచుగా మరతురు.

మందము చేయునని పలువురు అనుకొను పని మరొకటి కలదు, అది వేడి. రేకు దళసరియైనచో లోపలి వేడి బయటకు రాదని కొందరు, ఎండ లోనికి పోదని కొందరు తలతురు. రెండును సరి కావు. ఉక్కు మంచి ఉష్ణవాహకము. రెండు మిల్లీమీటర్ల రేకు వేడిని అడ్డగించుట, రేకు ఇరుప్రక్కల అంటియుండు పలుచని గాలిపొర అడ్డగించుటలో కొన్నివేల వంతులలో ఒక వంతు మాత్రమే. పెట్టె చల్లగా నుండవలెనన్న దాని వెలుపలి వైశాల్యము పెరుగవలెను; లేక రంగు మారవలెను. గడివేముల మండలములోని గని గ్రామము వద్ద 2017లో పూర్తియైన కర్నూలు సౌరవిద్యుత్ పార్కు 1000 మెగావాట్లది. అట్టి చోట ఆరుబయట నిలుచు పెట్టెలకు లేతరంగు వేయుట అందము కొరకు కాదు. ముదురు రంగు పడిన ఎండలో ఎక్కువ భాగమును మ్రింగును. లేతరంగు చాలవరకు త్రిప్పికొట్టును. ఇంకొక చిక్కు: యూరపు ప్రమాణములు పెట్టె చుట్టునున్న గాలి 40 డిగ్రీలకు మించదని తలచి వ్రాసినవి. నంద్యాలలో వేసవిలో 40 డిగ్రీలు చల్లని దినమని చెప్పవచ్చును. కావున మన కొనుగోలుదారులు పలుతావుల 50 డిగ్రీలకు తగినట్లు పరికరములను ఎన్నుకొందురు.

తుప్పు విషయమున మందము కాలమును కొనిపెట్టును, అంతకుమించి చేయదు. ఓ మోస్తరు తేమ గల చోట రంగులేని ఉక్కు మొదటి యేట 25 నుండి 50 మైక్రాన్లు తరుగును. సముద్రతీరపు ఉప్పుగాలిలో 80 నుండి 200 వరకు. నంద్యాల తీరమునకు దూరము. ఐనను తుప్పు సమముగా తినదు. కుందూ లోయలో కె.సి. కాలువ క్రింద పంటపొలమున, మోటారు ప్రక్కన కొయ్యకు కట్టిన స్టార్టరు డబ్బాను చూచినచో, రేకు నడుమ బాగుగానే యుండి అడుగు మడతలోను, మూలలలోను, తీగెలు దూర్చిన రంధ్రముల చుట్టును చిల్లులు పడియుండును. నీరు నిలుచు చోటనే తుప్పు పుట్టును. అడుగున నీరు జారుటకు వాలు, పైన చూరు వంటి కప్పు, రేకునకు జింకుపూత – ఈ మూడు ఉన్నచో 1.2 మిల్లీమీటర్ల డబ్బా కూడ, ఇవేవియు లేని 2 మిల్లీమీటర్ల డబ్బాకంటె ఎక్కువ కాలము నిలుచును.

రాయలసీమలో మోటార్లు ఎక్కువైనది గత ఆరేడు దశాబ్దములలోనే. 1950ల దశకపు చివరి యేండ్లలో తుంగభద్ర ఆనకట్ట వద్ద విద్యుదుత్పత్తి మొదలయ్యెను. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను. ఆ తరువాత కరెంటు పొలములకు చేరెను. మిల్లులో ప్యానెలును చూచుటకు ఎలక్ట్రీషియను ఉండును. పొలములో డబ్బాను తెరచువాడు రైతు. తడికాళ్లతో, చీకటిలో, కరెంటు వచ్చిన వేళను బట్టి. అచ్చట పెట్టె మందము ప్రాణముతో ముడిపడునది మరొక దారిన, అనగా భూసంధానపు దారిన. లోపలి తీగె ఊడి రేకునకు తగిలినపుడు ఆ విద్యుత్తు నేలకు పోవలెను, ఫ్యూజు కాలవలెను. 1956 భారత విద్యుచ్ఛక్తి నియమావళిలోని 61వ నియమము మోటారు చట్రమునకును, దానిని నడుపు పరికరపు లోహభాగములకును రెండు వేరువేరు ఎర్తు తీగెలుండవలెనని విధించెను. ఆ నియమావళి స్థానమున 2010లోను, మరల 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ క్రొత్త నిబంధనలు తెచ్చినది.

తీగెలు రెండైనను అవి రేకును గట్టిగా పట్టుకొనవలెను గదా! సాధారణముగా వాడు 6 మిల్లీమీటర్ల మరబోల్టునకు ఒక మర నుండి తరువాతి మరకు ఎడము ఒక మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు రేకులో రంధ్రము చేసి మర కోసినచో బోల్టును పట్టునది ఒకే ఒక చుట్టు. నాలుగుసార్లు బిగించినచో అది అరగిపోవును. బోల్టు ఊరక తిరుగుచుండును. తీగె ఉన్నట్లే కనిపించును. ఎర్తు మాత్రము ఉండదు. పైగా రంగుమీద బిగించినచో అసలు స్పర్శయే లేదు. అందుచేత మంచి పెట్టెలో ఎర్తు కొరకు ప్రత్యేకముగా ఒక బోల్టును రేకునకు వెల్డింగు చేసి, దాని చుట్టు రంగు వేయక విడుతురు. తలుపునకు వేరుగా జడతీగె కట్టుదురు. బందులను నమ్మరు. మూడు రూపాయల పొదుపు చేసి ఈ బోల్టును వదలిన డబ్బాకు రేకు ఎంత మందముండి యేమి?

ఈ అనుభవమంతయు ప్రమాణములలోనికి రెండు త్రోవల ప్రవేశించినది. అమెరికావారి పద్ధతి పట్టికలు వ్రాయుట: పెట్టె పెద్దముఖపు పొడవు వెడల్పులు ఇంత, లోపల ఊతచట్రము ఉన్నచో రేకు ఇంత, లేనిచో ఇంత. యూరపు దారి వేరు. అచ్చట 2002లో వచ్చిన ఖాళీపెట్టెల అంతర్జాతీయ ప్రమాణము మందమును చెప్పదు, పరీక్షలను చెప్పును. బరువు వ్రేలాడదీయుము, ఎత్తి చూడుము, ఉప్పుతేమలో ఉంచుము, ధూళిగదిలో పెట్టుము, సుత్తితో కొట్టుము. ఆ సుత్తిదెబ్బలలో పెద్ద తరగతికి 5 కిలోల బరువును 40 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలుదురు. అది 20 జౌళ్ల శక్తి. నిలిచినచో రేకు ఎంతదైనను అభ్యంతరము లేదు. మన ప్రమాణ సంస్థ కూడ 1962లోనే, ఐ.ఎస్. 2147 అను ప్రమాణములో, పెట్టె లోనికి ధూళి, నీరు ఎంతవరకు పోగూడదో తరగతులుగా విభజించెను. నేడు ఐ.పి. 54, ఐ.పి. 65 అని పెట్టెలమీద కనిపించు గుర్తులలో మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. ఆళ్లగడ్డ కొట్టమునకు మొదటి అంకె ముఖ్యము. బేతంచెర్ల మెరుగుపని చోట రెండవది.

ఇక అంగడి గేజి మాట. మన దేశమున మీటరు పద్ధతి 1958 అక్టోబరు 1న అమలు కానారంభించినది. ప్రమాణములు, టెండర్లు మిల్లీమీటర్లకు మారినవి. అంగడిలో మాత్రము '16 గేజి రేకు' అను మాట పోలేదు. టెండర్లలో తరచుగా కనబడు వాడుక ఇట్లుండును: బరువు మోయు చట్రమునకు 2 మిల్లీమీటర్లు, తలుపులకు కప్పులకు 1.6, తీగెలు దూర్చు అడుగుపలకకు 3. ఇది భౌతికశాస్త్రమునుండి నేరుగా దిగిన లెక్క కాదు. పాత 14 గేజి 2.03, పాత 16 గేజి 1.63 అని గుర్తు తెచ్చుకొన్నచో ఈ అంకెల పుట్టుక బోధపడును. బ్రిటిషు తీగె లాగువాని పట్టిక వేషము మార్చుకొని నేటి ప్యానెళ్లలో కూర్చున్నది.

శాస్త్రదృష్టితో పరీక్షల పద్ధతియే మేలు. ఐనను నంద్యాల మిల్లు యజమాని మందమునే అడుగుటలో తెలివితక్కువ లేదు. ధూళిగది, సుత్తిపరీక్ష గల ప్రయోగశాల అతనికి అందుబాటులో లేదు. మైక్రోమీటరు చేతిలో ఉన్నది. కాని దానిని వాడుటలో ఒక మెలకువ కావలెను. పొడిరంగు ఒక్కొక్క ప్రక్క 60 నుండి 80 మైక్రాన్ల వరకు ఉండును. రంగు వేసిన తలుపును అట్లే కొలిచినచో 1.5 మిల్లీమీటర్ల రేకు 1.62, 1.66 అని చూపును. కావున ముందుగా కనబడని లోపలి అంచున రంగును రెండు ప్రక్కల గీకి, ఆ తరువాత కొలువవలెను.